జీపు, బగ్గీ రెండూ పట్టే టాయ్ హాలర్ కస్టమ్ ఆర్డర్ ఇస్తున్నాం, కొటేషన్ చూసి చెప్పండి

ఎర్రమట్టి (ఫ్రిస్కో, టెక్సస్)
2024 ఫిబ్రవరి 11

అందరికీ నమస్కారం. టాయ్ హాలర్‌కి, అంటే వెనక బండ్లకి గ్యారేజీ, ముందు ఇల్లు ఉండే ట్రైలర్‌కి, ఇంకో పది రోజుల్లో డిపాజిట్ కట్టాలి. కట్టేముందు మీ అందరికీ చూపించాలనిపించింది.

మాకు ఫోర్ డోర్ రాంగ్లర్ రూబికాన్ ఉంది. 37 అంగుళాల టైర్లు, ముందూ వెనకా స్టీలు బంపర్లు, వించి (తాడుతో బండిని లాగే యంత్రం), కింద దెబ్బ తగలకుండా స్కిడ్ ప్లేట్లు అన్నీ వేయించాను. పోయినేడు పిల్లల కోసం టూ సీటర్ సైడ్ బై సైడ్ (చిన్న ఆఫ్ రోడ్ బండి) కూడా తీసుకున్నాం, ఇంట్లో దాన్ని బగ్గీ అంటాం. జీపు రోడ్డు మీద నడిచే బండే కదా, ట్రైలర్లో ఎందుకు అని అడుగుతారని ముందే చెప్తున్నా. 2022లో యూటాలోని మోయాబ్‌లో హెల్స్ రివెంజ్ అనే రాతి ట్రెయిల్ మీద జీపు ముందు యాక్సిల్ (ఇరుసు) షాఫ్టు విరిగింది. ఇంటికి వెయ్యి మైళ్లకు అటూ ఇటూగా ఉంటుంది. పిల్లల్ని తీసుకుని మోటెల్లో మూడు రాత్రులు పార్టు కోసం కూర్చున్నాం. ట్రెయిల్ మీద ఏది విరిగినా బండిని ఎక్కించుకుని మన ఇంటికి మనం రాగలగాలి, అంతే.

షోరూముల్లో రెడీమేడ్ టాయ్ హాలర్లు డజను చూశాం. గ్యారేజీ 12, 13 అడుగులు. ర్యాంప్ డోరు మీద 3,000 పౌండ్లు దాటొద్దని స్టిక్కరు. జీపు దాని మీద కాలు పెట్టేదే లేదు. అందుకే కస్టమ్.

కొటేషన్ ఇది: గూస్‌నెక్, అంటే ముందు ముక్కు ట్రక్కు తొట్టెలోని బంతి మీద కూర్చునే రకం. 40 అడుగుల ఫ్లోరు, పైన 8 అడుగుల ముక్కు, వెడల్పు 102 అంగుళాలు. వెనక 28 అడుగులు గ్యారేజీ, ముందు 12 అడుగుల్లో వంటిల్లు, బాత్రూము, ముక్కులో మంచం. 8,000 పౌండ్లు మోసే యాక్సిళ్లు రెండు. సామానుతో కలిపి ట్రైలర్ దాటకూడని మొత్తం బరువు, అంటే జీవీడబ్ల్యూఆర్ 20,000. ఖాళీ బరువు 'సుమారు 13,000'. సగం డబ్బు అడ్వాన్సు, ఆరు నెలల్లో డెలివరీ. లాగేది ఒక టన్ను తరగతి డ్యూయలీ (వెనక నాలుగు చక్రాలుండే) డీజిల్ ట్రక్కు, అది ఉంది.

నాకైతే బాగానే కనిపిస్తోంది. ఏమైనా వదిలేశానా?

---

లోడుబండి
2024 ఫిబ్రవరి 11

అన్నా, ముందుగాల ఒక్కటి చెప్పు. నీ జీపును కాంటా మీద పెట్టినవా?

కంపెనోడు ఇచ్చిన కాయితం మీది బరువు కాదు నేను అడిగేది. నువ్వు బిగిచ్చిన బంపర్లు, వించి, టైర్లు, నిండా పెట్రోలు, ఎనక డబ్బాల పానాలు, జాకీ, గొలుసులు, అన్నిటితోని. ట్రక్ స్టాపుల క్యాట్ స్కేలు అని లారీల కాంటా ఉంటది, పావుగంట పని. బగ్గీని కూడ చిన్న ట్రైలర్ మీద పెట్టి తీస్కపో, ట్రైలర్ ఖాళీ బరువు తీసేయి. ఆ రెండు అంకెలు లేకుండ ఈ కొటేషన్ మీద ఎవలు ఏం చెప్పినా గాలిమాటనే.

---

ఎర్రమట్టి
2024 ఫిబ్రవరి 13

నిన్న సాయంత్రం ఆఫీసు నుంచి నేరుగా వెళ్లి తూయించాను.

జీపు 5,640 పౌండ్లు. నేను 4,700 దగ్గర ఉంటుందనుకున్నా. స్లిప్పు రెండుసార్లు చదివాను.

బగ్గీ 1,650.

---

బీమ్‌లెక్క
2024 ఫిబ్రవరి 13

థాంక్స్ అండీ. ఇప్పుడు కూడదాం.

రెండు బండ్లు కలిపి 7,290. ఇసుకలో, ఎడారిలో వాడకానికి ట్రైలర్లో ఫ్యూయల్ స్టేషన్ (బండ్లకి పోసుకునే పెట్రోలు ట్యాంకు) పెట్టిస్తారు కదా, 40 గ్యాలన్లు అనుకుంటే గ్యాలన్ పెట్రోలు 6 పౌండ్ల చొప్పున 240. మంచినీళ్లు 100 గ్యాలన్లు. గ్యాలన్ నీళ్లు 8.34 పౌండ్లు, అంటే 834. 30 పౌండ్ల ప్రొపేన్ సిలిండర్లు రెండు, లోపలి గ్యాసే 60. స్పేర్ షాఫ్టులు, టూల్ బాక్సులు, నలుగురి బట్టలు, సరుకులు, పిల్లల సైకిళ్లు కలిపి 900 వేస్తున్నా. మొత్తం 9,324.

దీనికి ఖాళీ ట్రైలర్ 13,000 కలపండి. 22,324.

మీకిస్తానన్న ట్రైలర్ జీవీడబ్ల్యూఆర్ 20,000. మొదటి ట్రిప్పుకే 2,324 పౌండ్లు ఎక్కువ. మీరు బిల్డర్‌కి 'జీపు, బగ్గీ' అని చెప్పి ఉంటారు, ఆయన తన లెక్కలో షోరూము జీపు వేసుకుని ఉంటాడు. నీళ్లు అసలు వేసుకుని ఉండడు.

యాక్సిళ్ల సంగతి. గూస్‌నెక్‌లో మొత్తం బరువులో 20 నుంచి 25 శాతం ట్రక్కు మీద పడాలి. 20 శాతం అంటే 4,465, 25 శాతం అంటే 5,581. మిగిలింది యాక్సిళ్ల మీద. ఎలా చూసినా 16,700 నుంచి 17,900 మధ్య. 8,000వి రెండు వేస్తే మోసేది 16,000. చాలదు. మీ డ్యూయలీ డోరు దగ్గర స్టిక్కరు ఉంటుంది, ట్రక్కు జీవీడబ్ల్యూఆర్ ఎంత రాశాడో అది కూడా చూసి, అందులోంచి ట్రక్కు సొంత బరువు తీసేయండి. ట్రక్కులో మీ నలుగురూ కూర్చున్నాక మిగిలేదే హిచ్ (ట్రైలర్ ట్రక్కుకి తగిలే చోటు) మీద పడే బరువుకి.

---

కాడెద్దు (శాన్ ఆంటోనియో)
2024 ఫిబ్రవరి 14

బాబూ ఎర్రమట్టీ, బీమ్‌లెక్క గారు చెప్పింది అక్షరాలా నిజం. నా అనుభవం కూడా రాస్తాను, నీ డబ్బు నిలబడుతుందేమో.

2021లో నేనూ కస్టమ్‌గా చేయించుకున్నాను. ఇంతకన్నా చిన్నది, 30 అడుగులు. బిల్డర్ పేరు చెప్పను, మనిషి మర్యాదస్తుడే. ఖాళీ బరువు 9,800 అని కాగితం మీద రాసిచ్చాడు. పూర్తిగా డబ్బు కట్టేసి తెచ్చుకున్నాక, రెండో ట్రిప్పులో టైరు పేలితే అనుమానం వచ్చి తూయించాను. 11,260. మధ్యలో మేం అడిగిన పెద్ద జెనరేటరు, రెండో ఏసీ, వంటింటి గట్టుకి రాయి పలక, అన్నీ ఆయన చేసిపెట్టాడు, డబ్బు తీసుకున్నాడు. బరువు మాత్రం ఎవరం కూడలేదు. ఆయనా కూడలేదు, నేనూ కూడలేదు. వెళ్లి అడిగితే 'మీరు అడిగినవే కదండీ' అన్నాడు. ఆ ట్రైలర్‌లో నా సామాను పెట్టుకోడానికి మిగిలింది 1,700 పౌండ్లు. రెండేళ్లకి నష్టానికి అమ్మేశాను.

కోనసీమలో మా తాతగారికి ఎడ్లబండి ఉండేది. ధాన్యం బస్తాలు వేసేటప్పుడు ఆయనే దగ్గరుండి సర్దించేవారు. బరువు ముందుకి మొగ్గితే కాడి ఎద్దుల మెడ మీద నలిపేస్తుంది, వెనక్కి మొగ్గితే కాడి లేచి ఎద్దుల గొంతు పట్టేస్తుంది. ఇరుసు మీద బరువు ఉంచి, కాస్త ముందుకి మొగ్గు ఉండేలా చూసేవారు. బస్తాలు వేశాక కాడిని ఒంటిచేత్తో ఎత్తి చూసి, ఒక్కోసారి ఒకే ఒక బస్తా వెనక నుంచి ముందుకి మార్పించేవారు. ట్రైలర్ ఎంత ఖరీదైనదైనా పని అదే. కాడి స్థానంలో నీ ట్రక్కు ఉంది.

కస్టమ్‌లో ఉన్న గొప్ప సంగతి ఏమిటంటే, ఇరుసులు ఎక్కడ పెట్టాలో నీ బస్తాల్ని బట్టి పెట్టించుకోవచ్చు. రెడీమేడ్‌లో ఆ అవకాశం లేదు. ఆ ఒక్క లాభం వదులుకుంటే కస్టమ్ చేయించుకుని ఏం లాభం?

---

బీమ్‌లెక్క
2024 ఫిబ్రవరి 14

కాడెద్దు గారూ, మీ తాతగారి పద్ధతినే అంకెల్లో పెడతాను.

హిచ్ నుంచి యాక్సిళ్ల మధ్య వరకు 30 అడుగులు అనుకుందాం. ట్రైలర్ వెనక అంచు నుంచి యాక్సిళ్ల మధ్యకి 17 అడుగులు వస్తుంది. ఒక వస్తువు యాక్సిల్‌కి ముందు ఉంటే హిచ్ మీద బరువు పెంచుతుంది, వెనక ఉంటే తగ్గిస్తుంది. ఎంత అంటే, దాని బరువుని యాక్సిల్ నుంచి దూరంతో గుణించి 30తో భాగించాలి.

మొదటి పద్ధతి: జీపు ముందు ఎక్కించి గ్యారేజీ గోడ దగ్గరికి పెట్టారు, వెనక బగ్గీ. జీపు మధ్యభాగం యాక్సిల్‌కి 3 అడుగుల ముందు పడుతుంది. 564 పౌండ్లు హిచ్ మీద పెరుగుతాయి. బగ్గీ 11 అడుగుల వెనక పడుతుంది, 605 తగ్గుతాయి. దాదాపు సరికి సరి.

రెండో పద్ధతి: బగ్గీ ముందు, జీపు వెనక. బగ్గీ 6 అడుగుల ముందు, 330 పెరుగుతాయి. జీపు 8 అడుగుల వెనక, 1,504 తగ్గుతాయి. మొత్తం మీద 1,174 తగ్గింది.

అవే బండ్లు, అదే ట్రైలర్, ఎక్కించిన వరస మారితే హిచ్ మీద 1,100 పౌండ్ల పైన తేడా. హిచ్ తేలికైతే ట్రైలర్ తోక ఊపడం మొదలవుతుంది. అమరిల్లో ఊరు దాటాక ఐ-40 హైవే మీద పక్క గాలి కొట్టినప్పుడు తెలుస్తుంది.

జీపు బరువు సరిగ్గా నడిమధ్య ఉందనుకుని వేసిన లెక్క ఇది. మీ బిల్డర్‌కి రెండు బండ్ల ముందు, వెనక చక్రాల బరువు విడివిడిగా ఇవ్వండి. ఆయన ఇంకా కచ్చితంగా వేసుకుంటాడు. 'ఇవన్నీ మాకెందుకు, మేం ఎప్పుడూ ఒకే చోట పెడతాం' అన్నాడంటే ఆ బిల్డర్ దగ్గర ఆగకండి.

---

మిరపతోట (ఫీనిక్స్)
2024 ఫిబ్రవరి 15

లెక్కలు మీరంతా చూస్తున్నారు కాబట్టి నేను రోజూ వాడే సంగతులు చెప్తా. మాకు టాయ్ హాలర్ వచ్చి ఆరేళ్లు. చలికాలమంతా కాలిఫోర్నియా గ్లామిస్ ఇసుకతిన్నెల్లోనే, నెలకి రెండుసార్లు.

ఎర్రమట్టి గారూ, జీపు లోపలికి ఎక్కాక మీరు అందులోంచి దిగేదెలా? 37 టైర్లతో మీ జీపు వెడల్పు 80 అంగుళాల దాకా ఉంటుంది. లోపల గోడ నుంచి గోడకి 96 వచ్చినా రెండు పక్కలా మిగిలేది ఎనిమిదేసి అంగుళాలు. డోరు తెరుచుకోదు. ఫ్లోరు కిందికి దింపించుకుని చక్రాల పెట్టెలు లోపలికి వస్తే ఇంకా ఇరుకు, వాటి మధ్య 82, 83 మించి ఉండదు. రెండు దారులున్నాయి. ఒకటి, రేసు కార్ల ట్రైలర్లకి పెడతారే, డ్రైవర్ డోరుకి ఎదురుగా గోడలో పెద్ద పక్క తలుపు, అది. రెండు, గ్యారేజీ ముందు గోడ కింద ఫ్రేముకి వించి బిగించి రిమోట్‌తో జీపుని లోపలికి లాక్కోవడం. షాఫ్టు విరిగి జీపు కదలని రోజున వించే దిక్కు కాబట్టి నేనైతే రెండూ పెట్టించమంటా.

ఫ్లోరు చక్రాల పైకి ఎత్తిస్తే లోపల చదునుగా ఉంటుంది కానీ నేల నుంచి మూడడుగులు దాటుతుంది. పొడుగు ర్యాంపులు కావాలి. 5,640 పౌండ్ల బండికి స్ప్రింగులతో తెరిచే ర్యాంప్ డోరు నమ్మకండి. రెండు రెక్కల తలుపులు పెట్టించి, ఫ్లోరు కింద అరలోకి తోసుకునే ర్యాంపులు చేయించండి.

పెట్రోలు వాసన. ఇది మాత్రం బతిమాలి చెప్తున్నా. పెట్రోలు ఆవిరి గాలి కన్నా బరువు, కిందికి దిగి ఫ్లోరు మీద పాకుతుంది. గ్యారేజీలో గాలి జాలీలు కింద కూడా ఉండాలి, పైన మాత్రమే పెడితే చాలదు. గ్యారేజీకీ వంటింటికీ మధ్య గోడ, తలుపు చుట్టూ రబ్బరు గట్టిగా ఉండాలి. కార్బన్ మోనాక్సైడ్ అలారం పడుకునే చోట ఉండాలి. ప్రొపేన్ కూడా గాలి కన్నా బరువే, దాని అలారం కింద ఫ్లోరుకి దగ్గరగా ఉండాలి. బండ్లు లోపలున్న రాత్రి పిల్లల్ని గ్యారేజీ మంచాల మీద పడుకోబెట్టకండి, ఎంత చలిగా ఉన్నా సరే.

నీళ్ల ట్యాంకు 100 చాలు అనుకుంటున్నారు కదా, ఇసుకలో నాలుగు రోజులుంటే నలుగురికి 100 చాలదు. కానీ ట్యాంకు పెద్దది పెట్టించుకుని ఇంటి దగ్గర సగమే నింపండి, మిగతాది ఎడారి అంచున ఉన్న ఊళ్లో నింపుకోండి. ట్యాంకు యాక్సిళ్ల మీదకి వచ్చేలా పెట్టించండి. ముందు పెడితే నిండినప్పుడు ఒక తూకం, ఖాళీ అయ్యాక ఇంకో తూకం.

---

నల్లరేగడి
2024 ఫిబ్రవరి 16

నాది వేరే అభిప్రాయం. ఇంత తిప్పలు ఎందుకు? రేసు టీములు వాడి అమ్మేసే స్టాకర్ ట్రైలర్లు దొరుకుతాయి, రెండు కార్లు ఒకదాని మీద ఒకటి పెట్టేవి. వాటి ఫ్రేము, యాక్సిళ్లు మొదటి నుంచీ బరువు కోసమే కట్టినవి. లోపల చిన్న గది వేసుకోండి. ఆర్నెల్లు ఆగక్కర్లేదు, డిపాజిట్ భయం లేదు, కొనేముందే కాంటా మీద పెట్టి చూసుకోవచ్చు.

---

ఎర్రమట్టి
2024 ఫిబ్రవరి 17

నల్లరేగడి గారూ, మీ మాట తీసిపారేసేది కాదు. నేనూ మా ఆవిడా నిన్నంతా రెండు స్టాకర్లు చూసొచ్చాం. ఫ్రేము నిజంగా గట్టిది. కానీ మాకు వంటిల్లు, స్నానాలగది ముఖ్యం. మా అత్తగారు ఏడాదిలో ఐదు నెలలు ఇక్కడే ఉంటారు, ఆవిడకి మోకాళ్ల నొప్పులు. ఆవిడ కోసం మెట్లు తక్కువగా, బాత్రూములో పట్టుకోడానికి కడ్డీలు కావాలి. స్టాకర్లో ఇవన్నీ కొత్తగా వేయిస్తే మళ్లీ కస్టమ్ చేయించినట్టే.

ఇంకో సంగతి గమనించాను. పొడవు. ట్రైలర్ మొత్తం 48, ట్రక్కు దాదాపు 21. గూస్‌నెక్ బంతి ట్రక్కు తొట్టెలో ఉంటుంది కాబట్టి కలిపితే 64 దగ్గర ఆగుతోంది. కాలిఫోర్నియాలో ట్రక్కూ ట్రైలరూ కలిపి 65 అడుగుల హద్దు. గ్లామిస్ వెళ్లాలంటే ఇంతకన్నా అడుగు కూడా పెంచలేం. మొన్న బిల్డర్ 'ఇంకో 4 అడుగులు వేసుకోండి సార్, తక్కువలో చేస్తా' అన్నాడు, నేను దాదాపు ఒప్పేసుకున్నా.

మీ పోస్టులన్నీ ప్రింట్ తీసి బిల్డర్ దగ్గరికి వెళ్లాను. ఆయన కాసేపు చూసి 'మీ జీపు ఇంత ఉందా?' అన్నాడు. కొత్త కొటేషన్ వేస్తున్నాడు, 7,000 పౌండ్ల యాక్సిళ్లు మూడు. జీవీడబ్ల్యూఆర్ 24,000.

---

లోడుబండి
2024 ఫిబ్రవరి 17

మూడు యాక్సిళ్లు మంచిగనే. ఒక్కటి యాదికుంచుకో అన్నా. మూడున్నప్పుడు ఇరుకు మలుపు తిప్పితే ముందు టైర్లు, ఎనక టైర్లు పక్కకు గీస్కపోతయి. పెట్రోలు బంకుల, క్యాంపుల దగ్గర పెద్దగ తిప్పు. లేకుంటే టైర్ల అంచులు తొందరగ పోతయి.

టైర్లు ఏమేస్తుండో అడిగినవా? ఎస్టీ 235/80ఆర్16 లోడ్ రేంజ్ 'ఈ' (E) అయితే ఒక్కోటి 3,520 పౌండ్లు మోస్తది. ఆరు కలిపితే 21,120. మూడు యాక్సిళ్లు 21,000. కొసరు ఏం మిగలలే. అదే సైజుల లోడ్ రేంజ్ 'జీ' (G) వేయమను, ఒక్కోటి 4,400. గాలి 110 పీఎస్‌ఐ దాక కొట్టాలె, దానికి తగ్గ రిమ్ములు కూడ ఉండాలె, అది కూడ కాయితం మీద రాయించు. జూన్, జులైల 287 హైవే మీద అమరిల్లో దిక్కు పోతుంటే తారు కాలుతది. టైరు మీద చెయ్యి పెట్టి చూస్తే తెలుస్తది నేనేం చెప్తున్ననో. మూడు యాక్సిళ్లకు బ్రేకులుండాలె, రెండింటికి పెట్టి సరిపెడ్తరు కొందరు.

లైసెన్సు సంగతి ఎవలు అడగలే. నీ ట్రక్కు రేటింగు 14,000 అనుకుంటే ట్రైలర్ 24,000, కలిపితే 38,000. టెక్సస్ల 26,000 దాటి, ట్రైలర్ 10,000 దాటిందంటే సొంత ఆర్వీ (ఇల్లుబండి) అయినా క్లాస్ ఏ లైసెన్సు కావాలె. కమర్షియల్ కాదు, మామూలు క్లాస్ ఏ. రాత పరీక్ష, బండి నడిపి చూపెట్టుడు రెండు ఉంటయి. వదినమ్మ కూడ నడుపుతదంటే ఆమెకు కూడ తీయి. ట్రైలర్ వచ్చినంక తీస్కుందాం అనకు. ఇన్సూరెన్సోడు అడిగేది అదే.

---

కాడెద్దు
2024 ఫిబ్రవరి 18

ఇప్పుడు కాగితం సంగతి. ఎర్రమట్టీ, సగం డబ్బు ముందే ఇవ్వకు బాబూ. మూడో వంతు ఇవ్వు. ఫ్రేము వెల్డింగ్ అయి యాక్సిళ్లు ఎక్కాక, గోడలు వేసేముందు నువ్వు వెళ్లి చూసి ఇంకో మూడో వంతు. మిగిలింది కాంటా మీద తూచాక.

ఒప్పందంలో ఖాళీ బరువు 'సుమారు' అని ఉండకూడదు. 'ఇంతకు మించితే' అని హద్దు ఉండాలి, మించితే ఏం చేస్తాడో కూడా రాయాలి. మధ్యలో నువ్వు ఏ మార్పు అడిగినా, దాని ధరతో పాటు బరువు కూడా రాసి ఇద్దరూ సంతకం పెట్టండి. నేను పోగొట్టుకున్నది సరిగ్గా ఇక్కడే.

ఆఖరి డబ్బు ఇచ్చే రోజు మాన్యుఫాక్చరర్స్ సర్టిఫికెట్ ఆఫ్ ఆరిజిన్ (తయారుచేసినవాడు ఇచ్చే ట్రైలర్ పుట్టుక కాగితం) నీ చేతిలో పడాలి. అది లేకపోతే కౌంటీ టాక్స్ ఆఫీసులో టైటిల్ రాదు. 'పోస్టులో పంపిస్తాం' అంటే చెక్కు కూడా పోస్టులోనే పంపు.

---

ఎర్రమట్టి
2024 మార్చి 3

సంతకాలు అయ్యాయి. ఖాళీ బరువు హద్దు 13,500, దాటిన ప్రతి వంద పౌండ్లకీ ధరలో కోత, 14,000 దాటితే తీసుకోకుండా డబ్బు వెనక్కి. బిల్డర్ మొదట ఒప్పుకోలేదు. రెండు రోజులు ఆలోచించుకుని, 'మేం కూడా ఒక్కో భాగం తూచుకుంటూ వెళ్తాం' అని సంతకం చేశాడు. ఆ మాట నాకు నచ్చింది.

జీపు, బగ్గీ చక్రాల బరువులు, పొడవు, వెడల్పు, ఎత్తు అన్నీ ఒప్పందానికి జతచేసిన కాగితంలో ఉన్నాయి. నేను, మా ఆవిడ క్లాస్ ఏ రాత పరీక్ష పాసయ్యాం.

---

ఎర్రమట్టి
2024 జూన్ 22

ఫ్రేము చూడ్డానికి వెళ్లొచ్చాం. యాక్సిళ్లు అనుకున్న చోటే ఉన్నాయి, టేపు పెట్టి నేనే కొలిచాను. బంతి నుంచి మధ్య యాక్సిల్‌కి 30 అడుగుల 2 అంగుళాలు.

ఒకటి దొరికింది. బండ్లు కట్టే డీ రింగులు ఫ్లోరు ప్లైవుడ్‌కి స్క్రూలతో బిగించి ఉన్నాయి. కింద పడుకుని టార్చి వేసి చూస్తే స్క్రూ మొనలు చెక్కలోంచి బయటికి కనిపిస్తున్నాయి, ఇనుముకి తగల్లేదు. ఫోర్‌మన్‌ని పిలిచి చూపించాను. ఏమీ వాదించలేదు, ఆ కుర్రాడు కొత్తగా చేరాడని చెప్పి అక్కడికక్కడే గుర్తులు పెట్టించాడు. క్రాస్ మెంబర్లకి (ఫ్లోరు కింద అడ్డంగా ఉండే ఇనుప దూలాలకి) వెల్డ్ చేసిన ప్లేట్ల మీదే రింగులు వేస్తున్నారు. వెళ్లి చూడకపోయి ఉంటే పైన రబ్బరు షీటు వేసేసేవాళ్లు, ఎప్పటికీ తెలిసేది కాదు.

---

బీమ్‌లెక్క
2024 జూన్ 22

ప్లైవుడ్‌కి బిగించిన రింగు గట్టిగా బ్రేకు వేసిన రోజున చెక్కతో సహా ఊడి వస్తుంది. ముందు అంగుళాల దూరంలో వంటింటి గోడ ఉంది మీకు. పట్టీలు కూడా చూసి కొనండి. 10,000 అని పెద్ద అక్షరాలతో రాసేది తెగే బరువు. పనికి వాడాల్సింది దానిలో మూడో వంతు, 3,333. జీపుకి నాలుగు మూలలా నాలుగు పట్టీలు వేయండి.

---

ఎర్రమట్టి
2024 అక్టోబర్ 6

ట్రైలర్ ఇంటికొచ్చింది. ఒక నెల ఆలస్యం, కానీ ప్రతి వారం ఫోన్ చేసి చెప్పారు.

ఖాళీగా కాంటా మీద 13,860. హద్దు మీద 360 ఎక్కువ. పెద్ద బ్యాటరీలు, అత్తగారి కోసం వేయించిన మడత మెట్లు, పక్క తలుపు చుట్టూ వేసిన అదనపు ఇనుము, అన్నీ కలిపి మార్పుల కాగితంలో 310 రాసుకున్నాం. మిగిలిన 50 సంగతి ఆయనే ఎత్తి ధర తగ్గించాడు. సర్టిఫికెట్ చేతికిచ్చాకే చెక్కు ఇచ్చాను.

నిన్న అన్నీ ఎక్కించి మళ్లీ తూయించాం. ముందు మేం నలుగురం కూర్చుని ట్రక్కు ఒక్కటే, 8,800. తర్వాత ట్రైలర్‌తో:

స్టీర్ యాక్సిల్ (ట్రక్కు ముందు చక్రాలు) 4,960
డ్రైవ్ యాక్సిల్ (ట్రక్కు వెనక చక్రాలు) 8,640
ట్రైలర్ యాక్సిళ్లు 18,380
మొత్తం 31,980

ట్రైలర్ మొత్తం 23,180. అందులో ట్రక్కు మీద పడింది 4,800, అంటే దాదాపు 21 శాతం. 24,000 లోపల ఉన్నాం, యాక్సిళ్లు 21,000 లోపల ఉన్నాయి. స్లిప్పు ఫ్రిజ్ మీద అంటించాం. బీమ్‌లెక్క గారూ, లోడుబండి అన్నా, కాడెద్దు గారూ, మిరపతోట గారూ, మా ఇంటిల్లిపాదీ మీకు రుణపడి ఉన్నాం. నల్లరేగడి గారూ, మీ సలహా వల్లే స్టాకర్ ఫ్రేము చూశాను, అది చూశాకే మా ఫ్రేములో ఏం అడగాలో తెలిసింది.

---

లోడుబండి
2024 అక్టోబర్ 6

మంచి మాట చెప్పినవ్ అన్నా. మొదటి 50 మైళ్లకు ఆగి చక్రాల నట్లు బిగించు, మళ్ల 100కు ఒకపారి. కొత్త రిమ్ములు సర్దుకుంటయి. పట్టీలు కూడ అప్పుడే చూసుకో.

---

ఎర్రమట్టి
2024 నవంబర్ 4

మోయాబ్ వెళ్లొచ్చాం. ఫార్మింగ్టన్ దాకా పెద్ద గాలి, ట్రైలర్ కదల్లేదు. నట్లు 50 మైళ్ల దగ్గర రెండు కొంచెం తిరిగాయి. జీపు పట్టీలు ఒకసారి బిగించాల్సి వచ్చింది.

తిరిగి వచ్చేరోజు మా తమ్ముడు జీపు ఎక్కించాడు. అడుగున్నర వెనకే ఆపేశాడు, బగ్గీ పట్టలేదు. అప్పుడు దించి మళ్లీ వించితో లాగాం. ఇంటికొచ్చాక గ్యారేజీ ఫ్లోరు మీద పసుపు గీత వేశాను, జీపు ముందు టైరు మధ్యభాగం సరిగ్గా దాని మీదకి రావాలి. ఇకపై ఎవరు ఎక్కించినా అదే చోటు.

---

మిరపతోట
2024 నవంబర్ 4

ఆ గీత ఎక్కడి నుంచి కొలిచి వేశారు? మా వాళ్లకీ వేయిస్తా.

---

ఎర్రమట్టి
2024 నవంబర్ 5

గ్యారేజీ ముందు గోడ నుంచి 3 అడుగుల 10 అంగుళాలు. అది మా జీపు కొలత, మీది మీరు ఎక్కించి చూసుకోవాలి. మేం కాంటా మీద తూచిన రోజు జీపు ఎక్కడుందో టైర్ల పక్కన సుద్దముక్కతో గుర్తు పెట్టుకుని ఉన్నాం. ఆ గుర్తు మీదే గీత వేశాను. రంగు రబ్బరు మీద నిలవదు, రోడ్డు గీతలకి వాడే టేపు తెచ్చి అంటించి, అంచులకి సీలర్ రాశాను.

---

కాడెద్దు
2024 నవంబర్ 5

బగ్గీకి కూడా వేయి బాబూ. వెనక్కి మొగ్గేది అదే.

---

ఎర్రమట్టి
2024 నవంబర్ 5

ఈ శనివారమే వేస్తానండీ.